‘కూర్మోఽఙ్గానీవ సర్వశః’ – ఏ తాబేలు?

గీత రెండో అధ్యాయం 58వ శ్లోకం మీద చర్చలో ఒక సభ్యురాలు చెరువు గట్టున తీసిన తాబేలు ఫొటోలు పెట్టి, ‘ఆ కూర్మం ఇలాంటిదేనా? దీని జాతి ఏమిటి?’ అని అడిగారు. పొట్టవైపు ఫొటో కూడా ఉండటం మంచిదైంది. అసలు గుర్తు అక్కడే ఉంది.

తాబేలు తన అంగాలను అన్ని వైపుల నుంచీ ముడుచుకున్నట్టు ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకునేవాడి ప్రజ్ఞ స్థిరమైనది అంటుంది శ్లోకం, జాతి మాత్రం చెప్పదు. సంస్కృత నిఘంటువు అమరకోశం కూర్మ, కమఠ, కచ్ఛప శబ్దాలను వారివర్గంలో, అంటే నీటికి సంబంధించిన మాటల్లో చేర్చింది. అంతవరకే మనకు ఆధారం. అయితే ‘సర్వశః’, అన్ని వైపుల నుంచీ ముడుచుకోవడం, అన్ని తాబేళ్లకూ కుదరదు. సముద్రపు తాబేలు తలనీ, తెడ్ల లాంటి కాళ్లనీ చిప్పలోకి లాక్కోలేదు. మెత్తటి చిప్ప ఉన్న గంగానది తాబేలుకి పొట్టవైపు కవచం తక్కువ, కాళ్లు బయటే కనబడతాయి.

మీ ఫొటోలోది అలా కాదు. పొట్టవైపు వెనక భాగంలో రెండు గుండ్రటి మెత్తటి మూతలు చూడండి. వెనక కాళ్లు లోపలికి పోగానే అవి వాటిని కప్పేస్తాయి. ముందు భాగం కూడా పైకి మడుచుకుని తలవైపు మూసేస్తుంది. ‘సర్వశః’ అన్న మాటకి ఇంతకన్నా నిండైన రూపం నాకు తెలియదు. ఇది ఇండియన్ ఫ్లాప్‌షెల్ టర్టిల్, శాస్త్రీయంగా లిస్సెమిస్ పంక్టాటా. నేనైతే తెలుగులో ‘మూతల తాబేలు’ అంటాను.

> ఉపజాతి కూడా చెప్పగలరా? పంక్టాటా అంటే చుక్కలది కదా, దీనికి చుక్కలే లేవు!

మంచి ప్రశ్న. తల మీదా వీపు మీదా పసుపు మచ్చలుండేది ఆండర్సొనీ అనే ఉపజాతి. అది సింధు, గంగా పరీవాహక ప్రాంతాలది. దక్షిణాదివాటి వీపున ఆ మచ్చలుండవు, అయినా పంక్టాటా పేరు వాటిదే. విట్టాటా అని ఇంకొకటుంది, లాటిన్‌లో ‘పట్టీలున్నది’ అని. అది మధ్య భారతం, ద్వీపకల్పంలో ఉంటుంది, దాని వీపు మీదా మచ్చలుండవు. కాబట్టి మచ్చలు లేవని చూసి ఆండర్సొనీని తీసేయొచ్చు. మిగతా రెంటిలో ఇది ఏదన్నది వీపు ఫొటో ఒక్కదానితో తేల్చడం సరికాదు. తల పక్క నుంచి తీసిన ఫొటో, దొరికిన చోటు, రెండూ కావాలి.

చోటు గురించి ఇంకొక్క మాట. దీనికి చెరువులు, కాలువలు, వరి మళ్లు, బురద అడుగున్న నిలవ నీరు ఇష్టం. ఎండాకాలం చెరువెండితే బురదలోకి దూరి, వాన పడేదాకా అక్కడే ఉంటుంది. అందుకే ఎండిన చెరువులో పూడిక తీసేటప్పుడు మట్టితో పాటు ఇవీ బయటికొస్తాయి. నత్తలు, కప్పలు, చేపలు, నీటి మొక్కలు, చచ్చిన జీవాలు, అన్నీ తింటుంది.

దయచేసి దాన్ని ఇంటికి తేకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, పట్టి ఉంచుకోవడం నేరం. ఆ చెరువు ఏ జిల్లాలోదో, వేసవిలో ఎండుతుందో లేదో మాత్రం ఇక్కడ రాయండి.