ఆర్గన్ కింది స్వరాలు బాగా పట్టిన రికార్డింగ్‌లు ఏవి?

మాది విజయనగరం. ద్వారం వారి వయొలిన్ వింటూ పెరిగినవాణ్ణి, ఈమధ్య పైప్ ఆర్గన్ (చర్చిల్లో గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యం) పిచ్చి పట్టుకుంది. జర్మన్ ఆర్గన్ విద్వాంసుడు హెల్ముట్ వాల్ఖా 1956 నుంచి స్టీరియోలో రికార్డు చేసిన బాఖ్ రచనలు వింటున్నాను. వాయింపుకి వంక పెట్టలేను గానీ, పైస్వరాలు నా చెవికి కాస్త గరుకు.

అసలు బాధ కిందివాటితో. 32 అడుగుల గొట్టం అడుగు స్వరం 16 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది, చెవికంటే ఒంటికే ఎక్కువ తెలుస్తుంది. నా హెడ్‌ఫోన్లో అక్కడ శూన్యం. స్పీకర్లలో పెడితే షోకేసులో స్టీలు గ్లాసులు గలగలలాడతాయి, "మోటారు గానీ కాలిందేమిట్రా?" అని అమ్మ వంటింట్లోంచి కేక.

చర్చి ప్రతిధ్వని ఉండాలి, పెడల్ వరుస (కాళ్లతో వాయించే కింది స్వరాలు) మాత్రం అందులో మునిగిపోకూడదు. బాఖ్ ట్రియో సొనాటాలకి (మూడు స్వర వరుసలు ఒకేసారి నడిచే ఆర్గన్ రచనలు) ఏది కొనమంటారు? ఫ్రెంచ్ ఆర్గన్ విద్వాంసురాలు మేరీ క్లెయిర్ అలాన్ బాఖ్ ఆర్గన్ రచనలన్నీ మూడుసార్లు రికార్డు చేశారు కదా, సౌండ్ పరంగా ఏ విడత మేలు? సీడీ అయినా సరే.