కొండల్లో ఏడు రోజుల వేట: తప్పనిసరి సామాన్లు కాక, సుఖం కోసం ఏం మోయొచ్చు?

కొత్తబూట్లు

నాకిది మొదటి పెద్ద ట్రిప్. బండి ఆపిన చోటు నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి నడిచి, గుడారం వేసుకుని ఏడు రోజులు అక్కడే ఉండి జింక కోసం చూడాలని ప్లాన్. లైసెన్సు, రైఫిలు, మ్యాపులు, మందులు, తిండి, ఇవేవీ అడగట్లేదు, ఆ లిస్టు అయిపోయింది. బ్యాగు ఇప్పటికే 21 కిలోలు తూగుతోంది. ఇంకో కిలో, మరీ అయితే కిలోన్నర మోయగలను. ఆ కిలోలో, లేకపోతే ప్రాణం పోదు గాని ఉంటే హాయిగా ఉంటుంది అనిపించేవి ఏం పెట్టుకోవాలి? నేను అనుకున్నవి: మడత కుర్చీ (900 గ్రాములు), గాలి దిండు, క్యాంపులో వేసుకోవడానికి తేలికపాటి చెప్పులు, ఒక లావు నవల. నాతో వచ్చే ఫ్రెండ్ దిండు తప్ప అన్నీ తీసి పారేయమంటున్నాడు, ఆ దిండు ఉంచుకోమన్నది కూడా నవ్వుతూనే అన్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గట్టుమీదోడు

ముందు ఆ కుర్చీ తీసేయండి. కుర్చీ చెడ్డదని కాదు, మీరు అందులో కూర్చునేది ఎప్పుడు? చీకటితో లేచి వెళ్తారు, చీకటి పడ్డాక తిరిగొస్తారు, తిని పడుకుంటారు. క్యాంపులో మెలకువగా ఉండేది గంటో గంటన్నరో. మిగతా రోజంతా కూర్చునేది గట్టు మీద, తడి గడ్డిలో, చల్లటి రాతి మీద, బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుని. అక్కడికి కుర్చీ రాదు, వచ్చినా గట్టు అంచున ఆకాశం నేపథ్యంలో మీరు కుర్చీ వేసుకుని కనబడితే జింక ఆగదు.

దాని బదులు ఫోమ్ ముక్క ఒకటి. పాత స్లీపింగ్ ప్యాడ్ ఉంటే కూర్చునేంత సైజులో కోసుకోండి, 60 గ్రాములు కూడా ఉండదు. గాలి నింపేది వద్దు, ముల్లు దిగితే అక్కడితో సరి. ఫోమ్‌కి నాలుగు చిల్లులు పడినా పనిచేస్తుంది, నీళ్లు పీల్చదు. బ్యాగు లోపల కాదు, బయట కట్టుకోండి, ఆగిన ప్రతిసారీ చేతికి అందాలి. లేకపోతే బద్ధకించి రాయి మీదే కూర్చుంటారు, అరగంటలో నడుం కింద మంచు గడ్డ పెట్టినట్టు అయిపోయి లేచి తిరగడం మొదలుపెడతారు. వేటలో కొత్తవాళ్లు ఎక్కువగా చెడగొట్టుకునేది అక్కడే, కదలకుండా కూర్చోలేకపోవడం. దీన్ని మోకాళ్ల కింద వేసుకుని పాకొచ్చు, బూట్లు మార్చుకునేటప్పుడు మీద నిలబడొచ్చు.

రెండోది, మీ బైనాక్యులర్‌ని ట్రైపాడ్ మీద బిగించే అడాప్టర్. పది రెట్లు పెద్దగా చూపే 10×42 బైనాక్యులర్ చేత్తో పట్టుకుంటే బొమ్మతో పాటు చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది. పావుగంటకు మెడ, భుజాలు, కళ్లు మూడూ మొరాయిస్తాయి. ట్రైపాడ్ మీద పెడితే చేతులు జేబుల్లో పెట్టుకుని గంటలు చూడొచ్చు. చెవి ఆడించిన జింక కూడా కనబడుతుంది. ఇది సుఖం కింద రాదు అనే వాళ్లుంటారు, నా లెక్కలో ఇంతకు మించిన సుఖం లేదు.

నిద్రే_ముఖ్యం

పై ఆయన పగటి సంగతి చెప్పారు, నేను రాత్రి సంగతి చెబుతా. నా మొదటి ట్రిప్‌లో స్లీపింగ్ బ్యాగు మీద −7 డిగ్రీలు అని రాసి ఉంది కదా అని ధైర్యంగా వెళ్లా. అది "లిమిట్" అంకె అని అప్పటికి తెలియదు. మనిషి ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడిపేసే ఉష్ణోగ్రత అది. హాయిగా పడుకునేది "కంఫర్ట్" అంకె, అది మామూలుగా ఐదారు డిగ్రీలు పైనే ఉంటుంది. పైగా కింద వేసింది పల్చటి ఫోమ్ ప్యాడ్. మన బరువుకి బ్యాగులో అడుగు వైపు డౌన్ (లోపల నింపిన మెత్తటి ఈకలు) అంతా నలిగిపోతుంది, ఇక నేలకీ మనకీ మధ్య ఉన్నది ఆ ప్యాడ్ ఒక్కటే. రెండు రాత్రులు వణికా. మూడో రోజు తెల్లవారుజామున లేవాలంటే ఒళ్లు సహకరించలేదు, ఎండెక్కేదాకా పడుకున్నా. ఆ పొద్దుటే మా లోయలోంచి మంద దాటిపోయిందని ఎదురు గట్టు మీద ఉన్న మావాడు తర్వాత చెప్పాడు, ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

అందుకని మీ కిలోలో సగం నిద్రకే ఖర్చు పెట్టండి. ప్యాడ్ మీద ఆర్ వాల్యూ అని ఉంటుంది, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది, మంచు పడే కాలానికి 4 పైన ఉంటే మంచిది. రెండు ప్యాడ్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి, అంటే గాలి ప్యాడ్ 3, దాని కింద ఫోమ్ 2 అయితే మొత్తం 5. గాలిది పగిలినా ఫోమ్ మిగులుతుంది. దిండు ఉంచుకోండి, మీ ఫ్రెండ్ నవ్వితే నవ్వనీయండి, 80 గ్రాములకు మెడ నొప్పి లేకుండా లేవడం చవక బేరం.

ఇంకోటి, పడుకునే ముందు గట్టి ప్లాస్టిక్ బాటిల్‌లో వేడినీళ్లు పోసి సాక్స్‌లోకి తోసి బ్యాగులో పాదాల దగ్గర పెట్టుకోండి. ఆ బాటిల్ ఎలాగూ మోస్తున్నారు కాబట్టి అదనపు బరువు సున్నా. పొద్దునకి అదే తాగే నీళ్లు, గడ్డకట్టవు.

బరువులెక్క

అందరూ పెట్టమనే వాళ్లే గాని తీయమనే వాడు ఒకడుండాలి కదా, ఆ పాపం నేను మోస్తా. బ్రదర్, మీరు లెక్క వేసింది లోపలికి వెళ్లేటప్పటి బరువు. జింక పడితే? ఎముకలు తీసేసినా మాంసం, తల, గుడారం అన్నీ ఒక్కసారిలో రావు, రెండు విడతలు పడుతుంది. పన్నెండు బయటికి, పన్నెండు వెనక్కి, మళ్లీ పన్నెండు బయటికి, మొత్తం 36 కిలోమీటర్లు, అందులో 24 బరువుతో. ఆ రోజున మీ నవలలో ప్రతి పేజీని తిట్టుకుంటారు.

నేను సుఖం కోసం మోసేది ఒక్కటే, ట్రెక్కింగ్ పోల్స్. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం తగ్గిస్తాయి, వాగు దాటేటప్పుడు మూడో కాలు, రైఫిల్‌కి ఆసరా, టార్ప్‌కి (పైన కప్పుగా కట్టే పట్టాకి) స్తంభాలు. ఒక వస్తువు రెండు మూడు పనులు చేయకపోతే నా బ్యాగులోకి రాదు.

ఏం పెట్టినా గలగలమనే కవర్లు మాత్రం వద్దు. చాక్లెట్ రేపర్ చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న లోయలో ఎంత దూరం పోతుందో మీకు అక్కడే తెలుస్తుంది. ఇంట్లోనే విప్పి మెత్తటి సంచిలో పోసుకోండి.

కొత్తబూట్లు

36 కిలోమీటర్ల లెక్క నేను నిజంగా వేయలేదు, చదివాక కుర్చీ తీసేశా. కానీ ఒక డౌట్, రెండు రోజులు వాన పట్టి గుడారంలోనే ఇరుక్కుంటే నవల లేకుండా ఏం చేయాలి? స్నానం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. ఏడు రోజులు...

రెండోజత_సాక్సులు

మా ఆయనతో కలిసి వేటకి వెళ్తుంటాను, కాబట్టి స్నానం సంగతి నేనే చెప్పాలి, మగవాళ్లు దీని గురించి రాయరు. వాసన లేని వెట్ వైప్స్ రోజుకి రెండు చొప్పున లెక్కపెట్టి, ఇంట్లోనే ఆరబెట్టి తీసుకెళ్లండి. వైప్స్ బరువులో ఎక్కువ భాగం నీళ్లే. అక్కడ చెంచాడు నీళ్లు చల్లితే మళ్లీ పనికొస్తాయి. సువాసన ఉన్నవి తెస్తే గాలి మారగానే జంతువుకి మీ చిరునామా ఇచ్చినట్టే. వాడినవి అక్కడే పూడ్చకుండా వెనక్కి తెచ్చుకోండి. పాదాలు, చంకలు, గజ్జలు తుడుచుకుని పడుకుంటే ఆ నిద్రే వేరు. గజ్జల్లో ఒరుసుకుపోయి రెండో రోజే కాళ్లు ఎడంగా వేసి నడిచినవాళ్లని చూశాను, నవ్వొచ్చేదే గాని ఆ ట్రిప్ అక్కడితో అయిపోతుంది.

ఒక జత ఉన్ని సాక్సులు పడుకోవడానికి మాత్రమే పెట్టుకోండి. పగలు బూట్లు ఎంత తడిసినా సరే వాటిని బయటికి తీయొద్దు. రోజంతా నానిన పాదానికి ఎనిమిది గంటలు పొడిగా ఉండే అవకాశం అదొక్కటే. మడమ ఎర్రబడగానే టేపు వేయండి, బొబ్బ వచ్చాక కాదు. మీ చెప్పులు 200 గ్రాముల లోపైతే ఉంచుకోవచ్చు, రాత్రి బయటికి వెళ్లాల్సి వచ్చినప్పుడు తడి బూట్లలో కాళ్లు దూర్చక్కర్లేదు.

వాన సంగతికొస్తే, నవల ఫోన్‌లో వేసుకోండి, నాలుగు ఆడియో పుస్తకాలు కూడా. ఫోన్, పవర్ బ్యాంక్, నీళ్ల ఫిల్టర్ మూడూ రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే మీతో పడుకోవాలి. చలికి బ్యాటరీ దిగిపోతుంది, ఫిల్టర్‌లో నీళ్లు గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి, అది బయటికి కనబడదు కూడా. గ్యాస్ డబ్బా సంగతీ అంతే, బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి పొద్దున కాఫీ కావాలంటే డబ్బాని కాసేపు జాకెట్‌లో పెట్టుకుని వెచ్చబెట్టండి, మంట మీద మాత్రం కాదు. ఆ కాఫీ మానొద్దు. వాన పట్టిన రెండో రోజు మనిషి ఇంటికి పోదాం అనేది చలికి కాదు, దిగులుకి. మా ఆయన మాట వినడు గాని, చలికి మందు కొట్టడం పనికిరాదు. వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం చర్మం మీదుగా బయటికి పోతుంది.

నేను వదలనిది ఇంకొకటి, శాటిలైట్ మెసెంజర్, అంటే ఫోన్ సిగ్నల్ లేని చోటు నుంచి కూడా మెసేజ్ పంపే చిన్న పరికరం. మీరు దాన్ని ఎమర్జెన్సీ లిస్టులో రాసుకుని ఉంటారు, నేను సుఖాల్లో రాస్తా. రాత్రి ఇంటికి "బాగున్నా" అని ఒక్క మెసేజ్ పోతే టెన్షన్ లేకుండా పడుకుంటాను.

నిద్రే_ముఖ్యం

చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మర్చిపోయాం. గ్రామున్నర. గాలికి గుడారం గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే, పక్కన ఫ్రెండ్ గురక కూడా ఉంటే, వాటి విలువ తెలుస్తుంది. ఎలుగుబంట్లు తిరిగే చోటైతే మాత్రం ఒక్క చెవికే పెట్టుకోండి, తిండి కూడా గుడారానికి దూరంగానే ఉంచండి.

కొత్తబూట్లు

అందరికీ థాంక్స్. కొత్త లిస్టు: ఫోమ్ ముక్క 60, దిండు 80, పడుకునే సాక్సులు 90, ఆరబెట్టిన వైప్స్ 40, ట్రైపాడ్ అడాప్టర్ 100, చెప్పులు 190, కాఫీ పొడి 50, ప్లగ్గులు. మొత్తం 610 చిల్లర గ్రాములు, కుర్చీ ఒక్కదాని కంటే తక్కువ. పోల్స్ చేతిలో ఉంటాయి కాబట్టి లెక్కలోకి రావు (బరువులెక్క గారు ఒప్పుకోరని తెలుసు). వచ్చే శనివారం రాత్రి ఇవన్నీ వేసుకుని బయట పడుకుని చూస్తా.

గట్టుమీదోడు

మంచి పని. వేడినీళ్ల బాటిల్‌ని మాత్రం తలకిందులు చేసి ఒకసారి ఊపి చూశాకే బ్యాగులో పెట్టుకోండి. ఎందుకు చెబుతున్నానో అడగొద్దు.