పి.గన్నవరం పాత అక్విడెక్టు గురించి మా వాడికి ఏం చెప్పమంటారు?

గోదారిగట్టు:
మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సోషల్ ప్రాజెక్టుకి ‘మన ఊరి వారసత్వం’ అని ఇచ్చారు. పాత అక్విడెక్టు, అదే ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన, దాని గురించి రాయరా అంటే, ‘అది ఇప్పుడు పని చెయ్యదు కదా నాన్నా, నీళ్ళు కొత్తదాని మీదే పోతున్నాయిగా’ అన్నాడు. రోజూ దాని పక్కనుంచే వెళ్తాను. గోడల్లో రావి మొక్కలు చూస్తే మనసు ఉసూరుమంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:
బాబూ, నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాను. ముందు మీ వాడిచేత మ్యాపు గీయించండి. గోదావరి పాయలు వశిష్టకీ వైనతేయకీ మధ్య నాగరం లంక, అందులో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. చుట్టూ గోదావరే, కానీ పొలానికి ఆ నీరు ఎక్కదు. ఏరు పల్లంలో, చేను మెరకలో. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు కూడా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినా, నీరు వైనతేయ దాటితే గానీ లంకకి ఒరిగేదేమీ లేదు. అందుకే ఏటి మీదుగా కాలువనే నడిపించారు. కాటన్ దొర కింద పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ కట్టించాడు. 49 ఖానాలు, అంటే కమానులు, ఒక్కోటి 40 అడుగులు, మొత్తం పొడవు 2,248 అడుగులు. మోటార్లు లేవు, వాలు ఒక్కటే ఆధారం. ఆ వాలు అంత పొడవునా తప్పకుండా తీసుకురావడం ఎంత పనో లెవెల్ పట్టినవాడికి తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా రాయించండి. ఇసుకలో పునాది నిలబెట్టడం మన దేశపు పాత పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని, కావేరి మీది పాత ఆనకట్ట కల్లణైని చూపించి, కాటనే రాశాడు. దొర పేరుతో పాటు ఆ చేతులు కూడా గుర్తుండాలి. 1986 వరద చూసినవాణ్ణి. అంత నీటికీ ఈ కట్టడం నిలబడింది, 2000లో కొత్తది వచ్చేదాకా నీరు మోసింది. దాదాపు నూట యాభై ఏళ్ళు పనిచేసినదాన్ని పనికిరాదంటే ఎలా?

రాజోలు రైతు:
మాది కాలువ చివర ఉన్న శివారు భూమి. వేసవిలో కాలువలు కట్టేసి, మళ్ళీ వదిలాక మా దాకా నీరు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం మేము. గన్నవరంలో నీరు ఏరు దాటిందంటే చాలు, మాకు ధైర్యం. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టినందుకు నిజంగా సంతోషం, ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన తల్లి ఆవిడ. పాతదాని దగ్గర కూడా, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని తెలుగులో ఒక బోర్డు ఉండాలి.

గోదారిగట్టు:
ఇద్దరికీ థాంక్సండి. మ్యాపు ఇవాళే మొదలుపెట్టాడు. ఆ రావి మొక్కల్ని మేం నలుగురం వెళ్ళి పీకేసి, పగుళ్ళు సిమెంటుతో పూడ్చేస్తే?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:
వద్దు, దయచేసి పీకకండి. రావి వేరు కట్టుబడిలో లోపలికి దూరి ఉంటుంది. లాగితే ఇటుకో రాయో దాంతోపాటే ఊడి వస్తుంది. పైన నరికి వదిలేసినా లాభం లేదు, వాన పడగానే మళ్ళీ చిగురిస్తుంది. మొదలు కోసి, వేరు చచ్చే మందు పెట్టి, అది ఎండాకే తియ్యాలి. సిమెంటు అసలే వద్దు. సున్నపు కట్టడం చెమ్మ పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది, సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి పక్కన పెచ్చులు లేస్తాయి. గానుగ సున్నంతో పూడ్చాలి, అది తెలిసిన మేస్త్రీ కావాలి. పైగా అది సర్కారు కట్టడం, అనుమతి లేకుండా చెయ్యి వెయ్యకూడదు. ఊరందరి సంతకాలతో పంచాయతీ ద్వారా ఇరిగేషన్ వాళ్ళకి అర్జీ పెట్టండి. మొక్కలున్న ప్రతి ఖానాకీ నంబరు వేసి, ఫొటోలు జత చెయ్యండి. అర్జీ నేను రాసిస్తాను.