హైడ్రోజన్ రైళ్లు: ఎవరు తయారు చేస్తున్నారు, ఏవి నిజంగా తిరుగుతున్నాయి?

విశాఖ_ప్యాసింజర్ అడిగిన ప్రశ్న

హైడ్రోజన్ రైలు అంటూ వారానికో వార్త వస్తోంది. ఎగ్జిబిషన్లో పెట్టిన నమూనా బండి ఏదో, రోజూ జనాన్ని ఎక్కించుకుని తిరిగే బండి ఏదో ఆ వార్తల్లో తేలడం లేదు. ఆల్‌స్టామ్, సీమెన్స్, స్టాడ్లర్, చైనా సీఆర్‌ఆర్‌సీ, వీళ్లలో ఎవరు ఎంతవరకు వచ్చారు? జర్మనీలో కొన్న బండ్లను పక్కన పెట్టి మళ్లీ డీజిల్ నడుపుతున్నారట, నిజమేనా? హర్యానాలో జింద్-సోనిపట్ లైనుకని మన రైల్వే చేయించిన హైడ్రోజన్ బండిలో హైదరాబాద్ కంపెనీ పాత్ర ఎంత? మా అరకు లైనుకు ఇలాంటిది వచ్చే అవకాశం ఉందా?

ట్రాక్షన్_మోటార్

ప్రయాణికుల సర్వీసులో ముందు నిలిచింది ఆల్‌స్టామే. కొరాడియా ఐలింట్‌ను 2016లో బెర్లిన్‌లో చూపించారు, జర్మనీలోని జాల్జ్‌గిట్టర్‌లో కట్టారు. 2018 సెప్టెంబరులో రెండు బండ్లు కుక్స్‌హాఫెన్-బుక్స్‌టెహూడె లైనులో జనాన్ని ఎక్కించుకున్నాయి, 2022లో అక్కడికి 14 బండ్లు ఇచ్చారు. గంటకు 140 కి.మీ. వేగం. ఒకసారి నింపితే వెయ్యి కి.మీ. అని చెప్పారు, 2022 సెప్టెంబరులో 1,175 కి.మీ. నడిపి చూపించారు కూడా.

సీమెన్స్ మిరెయో ప్లస్ హెచ్‌కు 160 కి.మీ. వేగం. బెర్లిన్ శివార్లలోని హైడెక్రాట్‌బాన్‌లో 2024 డిసెంబరు నుంచి ఏడు బండ్లతో సర్వీసు మొదలైంది. స్టాడ్లర్ ఫ్లర్ట్ హెచ్2 కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో-రెడ్‌లాండ్స్ లైనులో 2025 సెప్టెంబరులో వచ్చింది. ఈ బండే 2024 మార్చిలో కొలరాడో టెస్ట్ ట్రాక్ మీద ఒక్క నింపుడుతో 2,803 కి.మీ. తిరిగి గిన్నిస్‌కెక్కింది. ఆ అంకె చూసి కొనుగోలు నిర్ణయాలు చేయకూడదు. టెస్ట్ ట్రాక్ మీద నిలకడగా పరిగెత్తడం వేరు, నాలుగు కి.మీ.కో స్టేషన్ దగ్గర ఆగి మళ్లీ లేవడం వేరు.

సీఆర్‌ఆర్‌సీ 2015లోనే చింగ్‌దావ్‌లో హైడ్రోజన్ ట్రామ్ కట్టింది. ఫోషాన్‌లో 2019 చివర్లో అలాంటి ట్రామ్‌లు సర్వీసులోకి వచ్చాయి. 2024 మార్చిలో చాంగ్‌చున్‌లో 160 కి.మీ. వేగంతో పరీక్ష చేసిన బండి మాత్రం అప్పటికి నమూనాయే. జపాన్‌లో జేఆర్ ఈస్ట్ అనే రైల్వే కంపెనీ, టయోటా, హిటాచీ కలిసి చేసిన హిబారి కూడా పరీక్షల బండే, కాకపోతే 700 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లు) ట్యాంకులు వాడారు. మిగతావాళ్లు చాలామంది 350 బార్ దగ్గరే ఉన్నారు.

ఒక్కటి గుర్తుంచుకోండి. బండి మీద ఉన్న పేరుకూ, లోపల హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ చేసినవాళ్లకూ సాధారణంగా సంబంధం ఉండదు. ఐలింట్‌లో హైడ్రోజెనిక్స్‌ది, ఆ కంపెనీని తర్వాత కమ్మిన్స్ కొంది. మిరెయోలో బల్లార్డ్‌ది. బండి నిలిచిపోతే అసలు లెక్కలోకి వచ్చేది ఈ రెండో పేరే.

షెడ్_ఫోర్‌మన్

జర్మనీ సంగతి నిజమే. పైన చెప్పిన 14 బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ సెల్ విడిభాగాలు అందక 2025లో నిలిచిపోయాయి, వాటి బదులు డీజిల్ బండ్లు తిప్పారు. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర టౌనస్ లైన్లకు 27 ఐలింట్‌లు ఆర్డరిచ్చి 2022 డిసెంబరులో మొదలుపెడితే, బండ్లు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి మొరాయించాయి. ఆ 14 బండ్లు కొన్న లోయర్ శాక్సనీ రాష్ట్రం 2023లోనే ఇకమీద బ్యాటరీ రైళ్లే కొంటామని చెప్పేసింది.

ఎందుకు మొరాయిస్తాయంటే, ఫ్యూయల్ సెల్‌కు లోడు గబగబా పెరిగి తగ్గడం పడదు. ఒకే స్థాయిలో నడిపితే ఎక్కువ కాలం మన్నుతుంది. అందుకే పక్కన లిథియం బ్యాటరీ ఉంటుంది. బండి కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు బ్యాటరీ తోడు ఇస్తుంది, బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటును మింగుతుంది. బ్యాటరీ చిన్నదైతే భారమంతా సెల్ మీద పడి దాని లోపలి ప్లాటినం పొర త్వరగా దెబ్బతింటుంది. గ్యాస్ శుద్ధి ఇంకో తలనొప్పి. 99.97 శాతం హైడ్రోజన్ ఉండాలి, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో 0.2 దాటకూడదు. అది దాటిన గ్యాస్ ఒక్కసారి ట్యాంకుల్లోకి వెళ్తే ఆ రోజు నింపిన బండ్లన్నిటి పవర్ పడిపోతుంది.

ఖర్చు లెక్క సూటిగా చెప్తాను. సబ్‌స్టేషన్ నుంచి 100 యూనిట్లు తీసుకుని నీటిని విడగొడితే హైడ్రోజన్ రూపంలో 60కి కాస్త పైన మిగులుతుంది. దాన్ని 350 బార్‌కు నొక్కడానికి ఇంకొంత పోతుంది. ఫ్యూయల్ సెల్ దాదాపు సగం తింటుంది. చక్రాల దగ్గరికి చేరేది 25-30. అవే 100 యూనిట్లు పై తీగ ద్వారా ఇస్తే 75-80 చేరుతాయి. కాబట్టి తీగ వేయగలిగిన చోట హైడ్రోజన్ బండికి చోటు లేదు.

కాచిగూడ_సిగ్నల్

జింద్-సోనిపట్ గురించి. దూరం 89 కి.మీ. డెము (డీజిల్‌తో నడిచే లోకల్ రైలు) రేక్‌ను, అంటే పెట్టెల వరసను, హైడ్రోజన్‌కు మార్చడానికి, నేలమీద హైడ్రోజన్ ప్లాంటుకు కలిపి రూ.111.83 కోట్లు. ఆ పని దక్కింది హైదరాబాద్‌లోని మేధా సర్వో డ్రైవ్స్‌కే. డెములకు, రైలు ఇంజన్లకు ప్రొపల్షన్ (బండిని కదిలించే), కంట్రోల్ సామాను చేసే కంపెనీ అది. ఫ్యూయల్ సెల్ మాత్రం మేధాది కాదు. 100 కిలోవాట్ల మాడ్యూళ్లకు వాళ్ల నుంచి ఆర్డరు వచ్చిందని 2022లో కెనడా బల్లార్డ్ ప్రకటించింది. కోచ్‌ల పని చెన్నైలోని రైల్వే కోచ్ ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో జరిగింది. చెరో 1,200 కిలోవాట్ల డ్రైవింగ్ పవర్ కార్లు రెండు, మధ్యలో 8 ప్రయాణికుల పెట్టెలు. మొదటి పవర్ కారును 2025 జులైలో అక్కడే పరీక్షించారు.

జింద్ ప్లాంటులో కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే 1 మెగావాట్ ఎలక్ట్రొలైజర్ ఉంది, రోజుకు 430 కిలోలు ఇస్తుందన్నారు. అంకె సరిగ్గానే ఉంది: కిలోకు సుమారు 55 యూనిట్లు పడుతుంది, 24 గంటలూ ఆగకుండా నడిస్తే 24,000 యూనిట్లకు 430 కిలోలే వస్తాయి. అంటే ఒక పూట ప్లాంటు ఆగితే ఆ లోటును నిల్వలోంచే తీయాలి.

నాకు అసలు భయం ఎండ. ఫ్యూయల్ సెల్ 100 కిలోవాట్ల కరెంటు ఇస్తే దాదాపు అంతే వేడి పుట్టిస్తుంది. డీజిల్ ఇంజన్లో వేడి మూడో వంతు పొగతో పాటే బయటికి పోతుంది, ఇక్కడ దాదాపు అంతా రేడియేటర్ గుండానే పోవాలి. వేడిని మోసుకెళ్లే ద్రవం (కూలెంట్) ఉండేది 70 డిగ్రీల చుట్టుపక్కల. జర్మనీ చలికాలంలో బయట 5 డిగ్రీలుంటే తేడా 65. మేలో హర్యానాలో 45 ఉంటే తేడా 25 మాత్రమే. అదే వేడి పోవాలంటే రేడియేటర్, ఫ్యాన్లు ఎంతో పెద్దవి కావాలి. దుమ్ము పట్టి రేడియేటర్ రెక్కలు మూసుకుపోతే కంట్రోలర్ పవర్ తగ్గిస్తుంది, ఆ లోటు బ్యాటరీ పూడుస్తుంది, అది అయిపోతే బండి వేగం అందుకోదు. గాలి ఫిల్టర్ కూడా మామూలు దుమ్ము ఫిల్టర్ అయితే చాలదు. సల్ఫర్ డయాక్సైడ్, అమోనియా పీల్చుకునే రసాయన పొర ఉండాలి, షెడ్యూలు ప్రకారం మార్చాలి.

అరకు లైనుకు అక్కర్లేదండి. కొత్తవలస-కిరండూల్ మీద కరెంటు తీగ నలభై ఏళ్ల కిందటే పడింది. రైల్వే చెప్పిన 35 బండ్ల పథకం వారసత్వ లైన్లకూ కొండ లైన్లకూ ఉద్దేశించింది.

విశాఖ_ప్యాసింజర్

చాలా థాంక్సండి. నెత్తిమీద 350 బార్ ట్యాంకు పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం కాదా?

షెడ్_ఫోర్‌మన్

ఐలింట్ లాంటి బండ్లలో పైన పెట్టిందే ప్రమాదం తగ్గించడానికి. హైడ్రోజన్ గాలికన్నా బాగా తేలిక, లీకైతే పైకి లేచి చెదిరిపోతుంది. కార్బన్ ఫైబర్ ట్యాంకుకు సుమారు 110 డిగ్రీల దగ్గర తెరుచుకునే వాల్వు ఉంటుంది, మంటల్లో చిక్కితే ట్యాంకు పేలకముందే గ్యాస్ వదిలేస్తుంది. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది షెడ్లో. గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది, పగటి వెలుగులో ఆ మంట కంటికి దాదాపు కనిపించదు. సెన్సర్లు కప్పు కింద అత్యంత ఎత్తైన చోట పెట్టి, 1 శాతం లోపే అలారం మోగేలా చేసి, కప్పులో గాలి దారి తెరిచి ఉంచాలి. నింపే చోట పైన 25 కేవీ (25,000 వోల్టుల) కరెంటు తీగ ఉండకూడదు, వాల్వు వదిలే గ్యాస్ నేరుగా దాని మీదికే వెళ్తుంది.