పాపకి ఫిట్స్ ఉన్న సంగతి స్కూల్లో చెప్పాలా? (ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊరికి కొత్తగా వచ్చాం)

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. పాపకి ఏడేళ్లు. రెండేళ్లుగా ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ సిరప్ వాడుతున్నాం. సోమవారం నుంచి స్కూలు. చెబితే సీటు ఇవ్వరేమో, నలుగురికీ తెలిస్తే రేపు పెళ్లెలా అని అత్తయ్యగారు ఫోన్లో ఒకటే ఏడుపు. ఉన్న మందు ఇంకో నెల దాకా సరిపోతుంది. ఏం చేయమంటారు?

లీసెస్టర్ నుంచి:
చెల్లెమ్మా, స్కూలు సంగతి తర్వాత. ముందు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించండి, ఇవాళే. 2016లో మేం దిగినప్పుడు ఇంటి ఓనరు అగ్రిమెంటు ఇవాళ రేపు అని తిప్పాడు. అడ్రస్ ప్రూఫ్ లేదని సర్జరీ (జీపీ క్లినిక్‌ని ఇక్కడ అలాగే అంటారు) రిసెప్షన్లో మూడుసార్లు వెనక్కి పంపారు. శుక్రవారం రాత్రి బాబుకి మందు పడదామని సిరంజితో లాగితే సీసాలోంచి గాలి బుడగలే వచ్చాయి. మా ఆవిడ సీసా తలకిందులు చేసి పట్టుకుని కూర్చుండిపోయింది. ఆరోగ్య సలహా నంబరు 111కి ఫోన్ చేస్తే, అర్ధరాత్రి దాటాక డ్యూటీ డాక్టర్ రాసిచ్చారు. ఇంగ్లండ్‌లో జీపీ రిజిస్ట్రేషన్‌కి ఐడీ గానీ, అడ్రస్ ప్రూఫ్ గానీ తప్పనిసరి కాదని ఆ తర్వాత తెలిసింది. అవి లేవని కాదనకూడదు. ఈ మాట గట్టిగా చెప్పండి. 16 ఏళ్ల లోపు పిల్లలకి ప్రిస్క్రిప్షన్ మందులకి డబ్బు కట్టక్కర్లేదు. సీసా మీద 5 ఎం.ఎల్.కి ఎన్ని ఎం.జీ. అని ఉందో ఫోటో తీసి పెట్టుకోండి, ఇక్కడి సీసాతో పోల్చుకోవాలి.

స్లౌ నుంచి:
అన్నయ్యగారూ, ఆమె అడిగింది స్కూలు గురించి. చెప్పండమ్మా, దాచొద్దు. జబ్బుందని సీటు ఇవ్వకపోవడం ఇక్కడి 2010 ఈక్వాలిటీ (సమానత్వ) చట్టం ఒప్పుకోదు. మేం ఏడాది దాచాం. మా అమ్మాయి క్లాసులో కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోయేది. ధ్యాస లేదని టీచర్ రాసి పంపేవారు. అదీ ఫిట్సేనని మాకు తెలుసు, నోరు మెదపలేదు. ఒకరోజు స్విమ్మింగ్‌కి తీసుకెళ్తామని చీటీ వచ్చింది. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. నీళ్లలో ఉండగా అలా అయితే? పొద్దున్నే వెళ్లి అంతా చెప్పేశాను. టీచర్ ఒక్క మాట అనలేదు. కాగితం తీసుకుని, "వచ్చే ముందు పాపలో ఏం కనిపిస్తుంది?" అని అడిగారు. ఇప్పుడు పూల్‌లో తన కోసమే ఒక మనిషి ఉంటారు.

లీసెస్టర్ నుంచి:
మందు లేకపోతే స్కూలుకే పోలేదు కదమ్మా! అందుకే ముందు చెప్పాను. పెళ్లి భయానికి కూడా ఒక మాట: మన దేశపు హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా మూర్ఛ (ఫిట్స్) పేరెత్తిన మాటలను 1999లోనే తీసేశారు. అత్తగారికి చెప్పండి.

క్రాయిడన్ నుంచి:
మా ఊళ్లో తాళాల గుత్తి చేతిలో పెట్టేవాళ్లు, తగ్గేది. పెద్దవాళ్ల మాట ఊరికే పోదు.

స్లౌ నుంచి:
పిన్నిగారూ, మా అమ్మా అదే చేసేది. కానీ చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయండి, తాళాలు ఉన్నా లేకున్నా. గుత్తి వెతికే తొందరలో గడియారం చూడటం మర్చిపోతాం. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా ఉంచాలి. నోట్లో చెంచా, నీళ్లు ఏవీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి 999 కొట్టాలి. కొందరు పిల్లలకి చిగురుకీ బుగ్గకీ మధ్య వేసే మిడజోలామ్ అనే, ఫిట్స్ ఆపే మందు ఇస్తారు. మీ పాపకి అవసరమా అని డాక్టర్నే అడగండి. స్నానానికి టబ్ వద్దు, షవర్ చాలు, తలుపు గడియ పెట్టనివ్వకండి.

బర్మింగ్‌హామ్ నుంచి:
ఒక్క మాట. ఆడపిల్ల వాల్‌ప్రోయేట్ వాడుతుంటే ఇక్కడి డాక్టర్లు తప్పకుండా ఆ విషయం ఎత్తుతారు. పెద్దయ్యాక గర్భం వస్తే కడుపులో బిడ్డకి హాని చేసే మందు అది. వింటే కంగారు పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ మీ అంతట మీరు ఒక్క డోసు కూడా ఆపొద్దు. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఎక్కువవుతాయి.

రీడింగ్ నుంచి:
జీపీ ఫారం ఇప్పుడే పంపాను. రేపు స్కూలుకి వెళ్తున్నాం. వచ్చే ముందు మా పాప "అమ్మా, గోడ మీద రంగులు తిరుగుతున్నాయి" అంటుంది. అదీ చెప్పాలా అక్కా?

స్లౌ నుంచి:
అదే మొట్టమొదట చెప్పమ్మా. పాప మాటల్లోనే.