పందెపు విమానం వేగం తగ్గితే లోపం ప్రొపెల్లర్‌దా, ఇంజిన్‌దా?

కాంటినెంటల్ ఓ-200 ఇంజిన్, పిచ్ (ప్రొపెల్లర్ రెక్కల వాలు) మారని ప్రొపెల్లర్ ఉండే ఫార్ములా వన్ పందెపు విమానాల గురించి అనుభవజ్ఞులను ఒక సందేహం అడగదలచాను.

సమతలంగా ఎగరడానికి కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, వాల్వులు సరిగా మూసుకోకపోవడం వల్లనో, పిస్టన్ రింగులు అరగడం వల్లనో శక్తి 10 శాతం పడిపోతే, గంటకు 400 కిలోమీటర్ల వేగం సుమారు 14 కిలోమీటర్లు తగ్గాలి. పందెంలో అది చిన్న తేడా కాదు. పైగా పిచ్ మారదు కాబట్టి ఇంజిన్ చుట్లు కూడా తగ్గి, నష్టం ఇంకా పెరుగుతుందని నా అభిప్రాయం.

పిచ్ తక్కువున్న ప్రొపెల్లర్ బిగిస్తే చుట్లు పెరుగుతాయి, నిజమే. కానీ 1.45 మీటర్ల వ్యాసంతో నిమిషానికి 4000 చుట్లు తిరుగుతూ గంటకు 400 కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగే ప్రొపెల్లర్ రెక్క కొన సెకనుకు 323 మీటర్లకు, అంటే ధ్వని వేగానికి చాలా దగ్గరకు చేరి, గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది.

నేలపై నిలిపి పూర్తి థ్రాటిల్‌లో చూసిన చుట్లు, సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష (అవి లోపలి ఒత్తిడిని ఎంత బాగా నిలుపుతున్నాయో చూసే పరీక్ష), ఈ రెండింటితోనే అసలు లోపం ఎక్కడుందో తేల్చవచ్చా? ప్రొపెల్లర్ వ్యాసం తగ్గించడం మేలా, లేక ముందు ఇంజిన్‌ను బాగుచేయించాలా? దయచేసి కారణాలతో వివరించగలరు.