అప్‌డేట్: లాల్‌బాగ్ పూల ఫొటోలు తీసేయలేదు

పదేళ్ల కిందట బెంగళూరు లాల్‌బాగ్‌లో తీసిన పూల ఫొటోలు ఇప్పుడు నచ్చడం లేదు, తీసేయనా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. తీసేసే ముందు పెద్ద తెర మీద చూడమని కొందరన్నారు, చూశాను.

1889 నాటి గ్లాస్ హౌస్ దగ్గర, పూల ప్రదర్శనలో తీసినవి చాలావరకు పేలవమే. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఎర్ర గులాబీలు రేకుల గీతలే లేని ముద్దలయ్యాయి. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని వేర్వేరుగా నమోదు చేస్తుంది; ఎర్ర పూలలో ఎరుపు ముందుగా నిండిపోయి వివరాలు పోతాయని అప్పట్లో నాకు తెలియదు. రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా కుదించకుండా దాచిన ఫైళ్లు, ఉన్న కొన్నింటిలో ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) తగ్గిస్తే రేకుల అంచులు మళ్లీ తేలాయి.

అసలు సంగతి మందారం ఫొటో. పువ్వు మధ్యలోంచి పొడుచుకొచ్చే కేసర దండం చివర పసుపు పుప్పొడి, దాని మీద ఒక చీమ. పువ్వు ఫొటో మధ్యలోకి రాలేదని ఆనాడు పక్కన పడేశాను. ఇప్పుడు అన్నింటిలోకీ అదే ఇష్టం. అమ్మకు పంపితే "మన పెరటిదేనా?" అని అడిగింది. అచ్చు వేయించి పండక్కి తీసుకెళ్తున్నాను.